పాత సైకిలుకు కొత్త గేర్లు: ముందుగా హబ్బు కొలవండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మూలపడిన గేర్ల సైకిళ్ళను బాగు చేయించుకుని మళ్ళీ వాడుకోవడం గురించి మీ పత్రిక ఆదివారం పేజీల్లో వచ్చిన వ్యాసం చదివాను. కాలవగట్ల వెంట, కొబ్బరితోటల మధ్య దారుల్లో సైకిలు మీదే బతుకంతా గడిపినవాణ్ణి కాబట్టి ఆ వ్యాసం చూసి సంతోషించాను. అయితే అందులో, వెనుక చక్రానికున్న పాత గేర్ల సెట్టు తీసేసి ఎక్కువ గేర్లున్న కొత్త సెట్టు తగిలించుకుంటే సైకిలు కొత్తదైపోతుందన్న భావం వచ్చే మాట ఒకటి ఉంది. ఆ మాట నమ్మి డబ్బు పెట్టేవారు మా వైపు తప్పకుండా ఉంటారు. ఏడాది క్రితం ఎవరూ చెప్పకుండానే నేను ఆ పని చేసి నష్టపోయాను కాబట్టి, వ్యాసంలో చోటు దక్కని వెనుక హబ్బు, అంటే చక్రం నడుమ పుల్లలు తగిలించే భాగం, దాని సంగతి రాయాలనిపించింది.

మా అబ్బాయి ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో కొన్న 21 గేర్ల సైకిలు ఒకటి మా పెరటి పాకలో కొబ్బరి డొక్కల చాటున చాలాకాలం పడి ఉంది. ఫ్రేము ఇనుముదే, పుచ్చిపోలేదు. రిమ్ములు తుడిస్తే మెరిశాయి. వెనుక పళ్ళ చక్రాలు మాత్రం అరిగి సొరచేప పళ్ళలా ఒక పక్కకు వంగిపోయాయి. బలంగా తొక్కితే చెయిను టక్కున జారేది. నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో లేతు మిషను నేర్పిన మనిషిని. ఆ ధీమాతో ఎవరినీ అడగకుండా 9 గేర్ల క్యాసెట్టు (వెనుక పళ్ళ చక్రాల గుత్తి) ఒకటి, దానికి తగిన చెయిను ఒకటి పోస్టులో తెప్పించాను. అమ్మినవారు "మీ సైకిలుకు తప్పకుండా సరిపోతుంది" అన్నారే తప్ప, హబ్బు ఏ రకమని ఒక్క మాట అడగలేదు. అడగవలసిన సంగతి ఉందని నాకూ తెలియదు.

ఆ పొట్లం పట్టుకుని అంబాజీపేటలో నాకు తెలిసిన సైకిల్ షాపుకు వెళ్ళాను. మేస్త్రి చక్రం ఊడదీసి, నా చేతిలోని క్యాసెట్టును ఒకసారి, చక్రాన్ని ఒకసారి చూసి, "ఆయ్, ఇది దీనికి పట్టదండి మాస్టారూ. మీది మర హబ్బండి, మీరు తెచ్చింది గాళ్ళ సరుకండి" అన్నాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు మరలు కొయ్యడం నేర్పినవాణ్ణి ఆ మాట విని సిగ్గుపడ్డాను. అతను పెట్టిన ఆ రెండు పేర్లనే ఈ ఉత్తరంలో వాడుకుంటాను. కంపెనీల కాగితాల్లోని పేర్లకన్నా అవే తేలికగా అర్థమవుతాయి.

మర హబ్బుకు కుడివైపు పైభాగాన మర కోసి ఉంటుంది. గేర్ల చక్రాలన్నీ ఒకే ముద్దగా ఉండే ఫ్రీవీలును ఆ మర మీదికి తిప్పి ఎక్కిస్తారు. తొక్కడం ఆపినప్పుడు టిక్కుటిక్కుమని శబ్దం చేస్తూ చక్రాన్ని వదిలిపెట్టే ఏర్పాటు, అంటే స్ప్రింగు మీద లేచే చిన్న నాలుకలు, వాటి కింది బేరింగు గుళ్ళు, ఇవన్నీ ఆ ఫ్రీవీలు కడుపులోనే ఉంటాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న మర కొలత 1.375 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. మన పాలవాళ్ళూ కొబ్బరి దింపేవాళ్ళూ వాడే ఒంటి ఫ్రీవీలు మరా దాదాపు ఇదే కావడం వల్ల, అవసరం పడితే గేర్ల సైకిలు మర హబ్బు మీదికి ఒంటి ఫ్రీవీలు ఎక్కించి గేర్ల గొడవే లేకుండా చేసుకున్నవారిని చూశాను. గాళ్ళ హబ్బు సంగతి వేరు. అందులో నాలుకలూ గుళ్ళూ హబ్బుకే బిగించిన ఒక చిన్న డొల్లలో ఉంటాయి. ఆ డొల్ల మీద నిలువునా 9 గాళ్ళు, వాటిలో ఒకటి మిగతావాటికన్నా ఇరుకు. క్యాసెట్టు అంటే పళ్ళ చక్రాల గుత్తి మాత్రమే. దాన్ని ఆ గాళ్ళలోకి జార్చి, చివర ఒక మూత రింగు బిగిస్తారు. ఒక గాడి ఇరుగ్గా ఉంటుంది కాబట్టి గుత్తిని తప్పు దిక్కున జార్చడం కుదరదు. షిమనో కంపెనీ 1978లో ఈ రకం హబ్బును తెచ్చింది; ఇప్పుడు మనకు ఎక్కువగా కనిపించే గాళ్ళ పద్ధతి, హైపర్‌గ్లైడ్ అనేది, 1989లో వచ్చింది.

21 గేర్లంటే ముందు 3 చక్రాలు, వెనుక 7. వెనుక 7 ఉన్న సైకిళ్ళు మర హబ్బుతోనూ వచ్చాయి, గాళ్ళ హబ్బుతోనూ వచ్చాయి. కాబట్టి గేర్ల అంకె చూసి హబ్బు రకం చెప్పలేం. చక్రం ఊడదీయకుండానే తెలుసుకునే ఒక ఉపాయం మేస్త్రి చెప్పాడు, అది ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోవచ్చు. సైకిలును తిరగేసి నిలబెట్టి, పెడలును వెనక్కి తిప్పుతూ వెనుక పళ్ళ చక్రాల నడిమధ్యన, ఇరుసుకు ఆనుకుని, పానా దూర్చడానికి గాళ్ళున్న రింగును చూడండి. పళ్ళతోపాటు ఆ రింగూ తిరుగుతూ ఉంటే అది క్యాసెట్టు. పళ్ళు తిరుగుతున్నా ఆ గాళ్ళ భాగం కదలకుండా ఉంటే అది ఫ్రీవీలు. నా సైకిలులో అది కదలలేదు. తెప్పించేముందు అర నిమిషం చూసి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు.

మర హబ్బు చవకది కాబట్టి చెడ్డదని కాదు. కానీ దానికి ఒక బలహీనత ఉంది, మా వైపు వాడకంలో అది తొందరగా బయటపడుతుంది. ఫ్రీవీలు హబ్బు పైన కూర్చోవడం వల్ల ఇరుసును మోసే కుడివైపు బేరింగు గుళ్ళు ఫ్రీవీలు లోపలి అంచునే ఆగిపోతాయి. అక్కడి నుంచి ఫ్రేము దాకా మూడు నాలుగు సెంటీమీటర్ల ఇరుసు ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఉంటుంది. వెనుక గేర్లు పెరిగేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. క్యారియరు మీద రెండు కొబ్బరి గెలలు కట్టి గతుకుల గట్టు మీద పోతే ఇరుసు అక్కడే వంగుతుంది, కొన్నాళ్ళకు అక్కడే విరుగుతుంది. గాళ్ళ హబ్బులో డొల్ల బయటి కొసలోనే ఆ ఇరుసు గుళ్ళు కూర్చుంటాయి కాబట్టి ఇరుసుకు రెండు చివరలా ఆధారం దొరుకుతుంది. మర మీదికే ఎక్కే 8, 9 గేర్ల ఫ్రీవీళ్ళు కూడా బజారులో దొరుకుతున్నాయి, వాటితో పని తేలికైపోతుందని చెప్పేవారూ ఉన్నారు. బరువులు మోసే సైకిలుకు వాటిని నేను సిఫారసు చేయను.

ఇక మర హబ్బును గాళ్ళ హబ్బుగా మార్చుకోవాలనుకునేవారి విషయం. ఇక్కడ చాలామంది హబ్బు ధర ఒక్కటే లెక్క వేసుకుని దిగుతారు. ఆ పైన ఖర్చు ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుందో చెబుతాను.

మొదటిది వెడల్పు. హబ్బు రెండు పక్కలా ఉన్న బయటి నట్ల మధ్య దూరం, అంటే ఫ్రేము వెనుక కాళ్ళు ఆనే చోటు నుంచి చోటుకు, మిల్లీమీటర్లలో కొలవాలి. పాత 5 గేర్ల సైకిళ్ళకు 120, 6, 7 గేర్ల రోడ్డు సైకిళ్ళకు 126, తరవాతి రోడ్డు సైకిళ్ళకు 130, మౌంటెన్ సైకిలు పోలికవాటికి 135 ఉంటుంది. మన పెద్ద నల్ల సైకిళ్ళకు వీటన్నిటికన్నా తక్కువే. 126 ఉన్న ఇనప ఫ్రేములో 130 హబ్బును పెట్టాలంటే ఒక్కో కాలు 2 మిల్లీమీటర్లు జరిగితే చాలు, చేతితో కొద్దిగా విప్పి దూర్చవచ్చు. అంతకన్నా ఎక్కువ తేడా అయితే ఇనప ఫ్రేమునైనా తెలిసినవాడు కొలుచుకుంటూ సమంగా వంచాలి. అల్యూమినియం ఫ్రేమును మాత్రం ఏ పరిస్థితుల్లోనూ వంచరాదు. అది వంగినట్టే ఉండి, ఎప్పుడో ఒక రోజు అతుకు దగ్గర పగులుతుంది. నా సైకిలు కొలత 135 వచ్చింది, ఆ విషయంలో అదృష్టవంతుణ్ణే.

రెండోది పుల్లల లెక్క. గాళ్ళ హబ్బులు సాధారణంగా 36 లేదా 32 రంధ్రాలతో వస్తాయి. మన పెద్ద సైకిళ్ళ రిమ్ములకు ముందు 32, వెనుక 40 రంధ్రాలు. తాతగారి సైకిలుకు గేర్లు పెట్టించాలని సరదాపడే కుర్రవాళ్ళు నా దగ్గరికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ళకు ఈ 40 పుల్లల సంగతి చెప్పగానే ముఖాలు వాడిపోయాయి. పైగా ఆ ఫ్రేముకు చెయినును గేరు నుంచి గేరుకు తోసే డిరైలరును తగిలించే కొక్కెమే ఉండదు, దానికి విడిగా ఒక రేకు బిగించాలి. ఆ సైకిలును అలాగే ఉంచుకొమ్మని చెప్పాను. రంధ్రాలు సరిపోయినా హబ్బు రేకుల (పుల్లలు తగిలించే అంచుల) వ్యాసం మారితే పుల్లల పొడవు మారుతుంది, అంటే పుల్లలన్నీ కొత్తవి కొనాలి. వెనుక కుడివైపు గేర్లకు చోటు ఇవ్వాలి కాబట్టి ఆ వైపు పుల్లలు నిటారుగా, బిగువుగా ఉంటాయి, ఎడమవైపువి వాలుగా, వదులుగా ఉంటాయి. ఈ తేడాను కాపాడుతూ ఔటు (వంకర) లేకుండా చక్రం అల్లడం ఓపిక గల పని. దానికి తగిన కూలి ఇవ్వడానికి మనం గొణగకూడదు.

ఇక్కడే మరొక హెచ్చరిక. పాత పుల్లలు ఎలాగూ పనికిరావని వాటిని ముందే కత్తిరించి పారేయకండి. ఫ్రీవీలు మర ఎలాంటిదంటే, మనం తొక్కే ప్రతి తొక్కుడుకూ అది ఇంకా బిగుసుకుంటుంది. ఏళ్ళ తరబడి తొక్కుడుకు, ఆపైన అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తుప్పుకు, అది హబ్బుతో ఏకమైపోయి ఉంటుంది. దాన్ని ఊడదీయాలంటే దాని గాళ్ళకు సరిపడే పానాను బెంచి వైసులో బిగించి, చక్రం మొత్తాన్ని రెండు చేతులా పట్టుకుని స్టీరింగులా ఎడమవైపు తిప్పాలి. పుల్లలు కత్తిరించేస్తే రిమ్మంత చేతిపట్టు పోయి, హబ్బు ఒక్కటే మిగులుతుంది, దాన్ని ఇక దేనితోనూ తిప్పలేం. కొత్త ఫ్రీవీలు ఎక్కించేటప్పుడు మర మీద గ్రీజు రాయని మేస్త్రికి డబ్బులివ్వవద్దని నేను సగం హాస్యంగానూ సగం నిజంగానూ చెబుతూ ఉంటాను.

గాళ్ళ హబ్బు కుదిరినంత మాత్రాన ఏ క్యాసెట్టైనా దాని మీద కూర్చుంటుందని కాదు. 8, 9, 10 గేర్ల డొల్ల పొడవు ఒకటే. ఆ డొల్ల మీద 7 గేర్ల క్యాసెట్టు వాడాలంటే వెనుక 4.5 మిల్లీమీటర్ల రింగు పెట్టాలి, లేకపోతే మూత రింగు ఎంత బిగించినా గుత్తి కదులుతూనే ఉంటుంది. పాత 7 గేర్ల డొల్ల పొట్టిది. దాని మీద 8 గేర్ల గుత్తి పూర్తిగా పట్టదు. 11 గేర్ల రోడ్డు సైకిలు డొల్ల మామూలుదానికన్నా 1.85 మిల్లీమీటర్లు పొడవు. దాని మీద తక్కువ గేర్ల గుత్తి పెట్టవచ్చు, ఆ మందం రింగు ఒకటి వేస్తే సరి, కానీ ఆ రోడ్డు గుత్తుల్లో చాలా వాటిని పాత డొల్ల మీదికి ఎక్కించడం కుదరదు. హైపర్‌గ్లైడ్ గాళ్ళ మీద 11 పళ్ళకన్నా చిన్న చక్రం పట్టదు. 10 పళ్ళ చక్రంతో మొదలయ్యే కొత్త గుత్తులకు వేరే డొల్లలు కావాలి: శ్రామ్ కంపెనీ 2012లో తెచ్చిన ఎక్స్‌డీ, షిమనో 2018లో తెచ్చిన మైక్రో స్ప్లైన్ అలాంటివి. ఇటలీ కంపెనీ క్యాంపన్యోలో గాళ్ళు వీటిలో దేనితోనూ కలవవు, అయితే మన వైపు ఆ సరుకు చూసినవారు తక్కువే.

అందరినీ మోసం చేసే అంకె గేర్ల సంఖ్య. గేర్లు పెరిగేకొద్దీ పళ్ళ చక్రాల మధ్య దూరం తగ్గుతుంది. 7 గేర్ల సెట్టులో ఒక చక్రం నుంచి పక్క చక్రానికి 5 మిల్లీమీటర్లు, 8లో 4.8, 9లో సుమారు 4.35, 10లో సుమారు 3.95. హ్యాండిలు దగ్గర ఒక క్లిక్కుకు తీగ ఎంత లాగాలో ఈ దూరాన్ని బట్టే ముందుగా కట్టి పంపుతారు. 7 గేర్ల లివరుతో 9 గేర్ల గుత్తిని నడిపితే ప్రతి క్లిక్కుకూ చెయిను కొంచెం ఎక్కువ జరుగుతుంది. రెండో మూడో గేరు దాకా బాగానే ఉన్నట్టుండి ఆ పైన రెండు చక్రాల మధ్య నిలిచి గరగరమంటుంది. చెయిను సంగతీ అంతే: 8 గేర్ల చెయిను వెడల్పు సుమారు 7.1 మిల్లీమీటర్లు, 9 గేర్లది 6.6 దగ్గర, 10 గేర్లది 6 దగ్గర. అంటే 7 నుంచి 9కి వెళ్ళేవారు గుత్తి, చెయిను, వెనుక గేర్ల లివరు మూడూ కొనాలి, మర హబ్బు ఉన్నవారు చక్రం కూడా. క్లిక్కులు లేని పాత తరహా నున్నటి లివరు ఉన్నవారికి మాత్రం ఈ బాధ లేదు. వాళ్ళు చెవితో విని చెయినును ఎక్కడ కావాలంటే అక్కడ నిలుపుకుంటారు.

ఇంత ఖర్చు పెట్టి మనం ఏం సంపాదిస్తామో కూడా చూడాలి కదా. మాది గోదావరి ఒండ్రు పరిచిన నేల. ఎక్కే గుట్ట లేదు, దిగే లోయ లేదు. మాకు ఎత్తులంటే చించినాడ వంతెన, ఎదుర్లంక వంతెన, కాలవల మీది గూని వంతెనలు. వీటన్నిటికన్నా మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి లేచే ఎదురుగాలే పెద్ద కొండ. నా సైకిలుకు ముందు 42, 34, 24 పళ్ళ చక్రాలున్నాయి, 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.05 మీటర్లు పోతుంది. 42 మీద వెనుక 14 పళ్ళతో ఒక్క తొక్కుడు చుట్టుకు 6 మీటర్ల పైచిలుకు వెళతాం. నేను తెప్పించిన క్యాసెట్టులోని 11 పళ్ళతో అయితే 7.8 మీటర్లు వస్తుంది, కానీ ఆ గేరును ఆడించే కాళ్ళూ, దానికి తగిన దిగుడూ ఈ డెల్టాలో ఎక్కడున్నాయి? 42 మీద 16 పళ్ళతో 5.4 మీటర్లు. 44 పళ్ళ ముందు చక్రం, 18 పళ్ళ ఫ్రీవీలు ఉన్న పెద్ద నల్ల సైకిలు పోయేది కూడా సుమారు 5.5 మీటర్లే. మా నాన్నగారు జీవితమంతా తొక్కిన గేరు నా 21 గేర్ల మధ్యలో దాక్కుని ఉందని ఈ లెక్క వేసుకున్న రోజున తెలిసింది. వంతెన ఎక్కడానికి 24 మీద 28 పళ్ళు ఉంటే చుట్టుకు 1.8 మీటర్లు కూడా పోదు, నడిచినంత నెమ్మదిగానైనా దిగకుండా ఎక్కేయవచ్చు.

అందుకని నేను చివరికి చేసింది చాలా చిన్న పని. అదే మర మీదికి 14 నుంచి 28 పళ్ళ దాకా ఉన్న కొత్త 7 గేర్ల ఫ్రీవీలు, దానికి సరిపడే కొత్త చెయిను వేయించాను. లివరు పాతదే, చక్రం పాతదే, ఇరుసు మాత్రం వంగి ఉంటే మేస్త్రి మార్చాడు. 34 పళ్ళ దాకా ఉన్నదీ దొరుకుతుంది. అది పెట్టేవారు ముందు చక్రాల తేడా, వెనుక చక్రాల తేడా కూడి, డిరైలరు అంత చెయినును లాగి పట్టుకోగలదో లేదో చూసుకోవాలి. నా లెక్కన 28తో ఆ మొత్తం 32 పళ్ళు, 34తో 38 అవుతుంది. చెయినును ఏడాదికొకసారైనా అడుగు స్కేలు పెట్టి కొలవండి. కొత్త చెయినులో 24 లంకెలు సరిగ్గా 12 అంగుళాలు. పదహారో వంతు అంగుళం సాగితే చెయిను ఒక్కటి మారిస్తే సరిపోతుంది, ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే పళ్ళ చక్రాలు కూడా పోయినట్టే.

మీ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. సైకిలు భాగాలు అమ్మేవారు, అంగట్లో అమ్మినా పోస్టులో పంపినా, బిల్లు మీద "గేర్లు 9" అని రాసి ఊరుకోకుండా మరదా గాళ్ళదా, డొల్ల ఎన్ని గేర్లది, హబ్బు వెడల్పు ఎంత, రంధ్రాలు ఎన్ని అన్న నాలుగు ముక్కలు తెలుగులో రాసి ఇవ్వాలి. కొనేవాడు కూడా ఆ నాలుగూ తన సైకిలు దగ్గర కొలుచుకుని వెళ్ళాలి. ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో మోటారు సైకిలు ఇంజను విప్పి చూపిస్తున్నారు, మంచిదే. ఒక పూట సైకిలు వెనుక హబ్బును కూడా విప్పి చూపిస్తే మర, గాడి, బేరింగు, ఆధారం లేని ఇరుసు ఎందుకు వంగుతుందన్నదీ పిల్లలకు ఒకే బల్ల మీద కనిపిస్తాయి. నేను ఉద్యోగంలో ఉండగా ఆ పని చేయలేదు.

పోస్టులో వచ్చిన 9 గేర్ల క్యాసెట్టు ఇంకా పెట్టెలోనే ఉంది. విప్పినందుకు అమ్మినవారు దాన్ని వెనక్కి తీసుకోం అన్నారు. 8, 9 లేదా 10 గేర్ల గాళ్ళ డొల్ల ఉన్న హబ్బూ, 9 గేర్ల లివరూ తన సైకిలుకు ఇప్పటికే ఉన్న విద్యార్థి ఎవరైనా మీ కార్యాలయానికి తెలియజేస్తే, దాన్ని ఉచితంగా పంపిస్తాను. చెయిను మాత్రం ఇవ్వలేను, దాని గట్టిదనం చూద్దామని మా మనవడు అప్పుడే తెంపేశాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత వర్క్‌షాప్ బోధకుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ